కిడ్నీ జబ్బులో రక్తం తగ్గితే సూది మేలా, మాత్ర మేలా?

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకి హిమోగ్లోబిన్ పడిపోవడం మామూలే. కర్నూలు పెద్దాసుపత్రిలో డయాలసిస్ జరిగే చోట బయట కాసేపు కూర్చుంటే, క్రియాటినిన్ తర్వాత ఎక్కువగా వినపడే మాట "రక్తం ఎంతుంది" అనేదే. ఇదివరకు దీనికి ఐరన్ ఇవ్వడం కాక రెండే దారులు, రక్తం ఎక్కించడం, లేదంటే ఎర్ర రక్తకణాల్ని పెంచే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ సూది. 2022లో మన దేశంలోకి మూడోది వచ్చింది. డెసిడుస్టాట్ అనే మాత్ర, జైడస్ కంపెనీ తయారుచేసింది, ఆక్సెమియా పేరుతో దొరుకుతుంది. అప్పట్నుంచి పత్తికొండ, ఆలూరు వైపు బంధువుల దగ్గర్నుంచి నాకు వచ్చే ప్రశ్న ఇదే: "సూదయితే వారం వారం పోవల్ల, మాత్రయితే ఇంట్లోనే మింగొచ్చు గదా, మాత్రకే మారిపోదామా నాయనా?"

నేను డాక్టర్ని కాను, సెల్ సిగ్నలింగ్ మీద ల్యాబ్‌లో పనిచేస్తాను. మందు రాయడం నా పని కాదు. కానీ ఈ మాత్ర కదిలించే సిగ్నలూ, కిడ్నీ క్యాన్సర్‌ని పెంచి పోషించే సిగ్నలూ ఒకటే కాబట్టి, ఏది ఎవరికి మేలో తేల్చుకోవాలంటే ముందు ఆ సంగతి తెలియాలి. దుకాణంలో మాత్ర అడిగి తెచ్చుకునే ముందు ఇది చదవండి.

రక్తం ఎక్కించడం గురించి ఎక్కువ చెప్పను. హిమోగ్లోబిన్ బాగా పడిపోయి ఆయాసం వచ్చినా, రక్తస్రావం అయినా అది ప్రాణం నిలబెడుతుంది, అప్పుడు ఆలోచించే పనే లేదు. కానీ "ఒక సీసా ఎక్కిస్తే సరిపోదా" అని ప్రతి రెండు నెలలకీ అదే చేయించుకుంటే, ఎదుటివాళ్ల రక్తంలోని కణాల మీద మన ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, రేపు కిడ్నీ మార్పిడి చేయించుకోవాలంటే సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంకో మాట, రక్తం పడుతుందని ఖర్జూరాలు, దానిమ్మ రసం, బీట్‌రూట్ జ్యూస్ తెగ పెట్టేవాళ్లు ఉన్నారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి వాటిలోని పొటాషియం గుండెకే ముప్పు తెస్తుంది. ప్రేమతో పెట్టేదే, అయినా వద్దు.

ఇక సూది. ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఎముక మజ్జలో, తయారు చేయమని కబురు పంపేది మాత్రం కిడ్నీ. ఆ కబురే ఎరిత్రోపొయిటిన్. కిడ్నీ దెబ్బతింటే అది తగ్గిపోతుంది, మజ్జ ఖాళీగా కూర్చుంటుంది. 1977లో దీన్ని మొదటిసారి శుద్ధంగా వేరు చేయడానికి జపాన్‌లోని రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రం వాడాల్సి వచ్చిందంటే ఒంట్లో అది ఎంత కొంచెం ఉంటుందో అర్థం చేసుకోండి. 1985లో జీన్ దొరికింది, 1989లో సూదిగా అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే ముప్పై అయిదేళ్లకు పైగా లోకమంతా వాడి చూసిన మందు. దీని మంచేంటో, చెడేంటో మనకి బాగా తెలుసు. దాని బలం అదే.

చెడు కూడా చిన్నదేం కాదు. రక్తం ఎంత పెరిగితే అంత మంచిదని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకున్నారు. 2006లో వచ్చిన చాయిర్ అనే పరీక్షలో కొందరికి హిమోగ్లోబిన్ 13.5కి, కొందరికి 11.3కి తీసుకెళ్లాలని చూశారు. ఎక్కువకి తీసుకెళ్లిన వాళ్లలోనే గుండె జబ్బులు, మరణాలు ఎక్కువయ్యాయి. 2009లో ట్రీట్ అనే ఇంకా పెద్ద పరీక్ష, షుగరూ కిడ్నీ జబ్బూ రెండూ ఉన్న 4,038 మంది మీద జరిగింది. సూది తీసుకున్న వాళ్లలో 101 మందికి పక్షవాతం వస్తే తీసుకోని వాళ్లలో 53 మందికి వచ్చింది. అందులోనే నన్ను ఇప్పటికీ ఆపే అంకె ఇంకొకటి ఉంది. ముందే ఎప్పుడో క్యాన్సర్ వచ్చి తగ్గిన వాళ్లని విడిగా చూస్తే, సూది తీసుకున్న 188 మందిలో 14 మంది క్యాన్సర్‌తో పోయారు, తీసుకోని 160 మందిలో ఒక్కరే. మంది తక్కువే, అయినా పక్కన పెట్టేసే అంకె కాదు. అందుకే ఇప్పుడు డాక్టర్లు 10 నుంచి 11.5 మధ్య ఉంచితే చాలంటారు, 13కి తెమ్మని వాళ్ల మీద ఒత్తిడి తేకండి. రెండు వారాల్లో 1 కంటే ఎక్కువ పెరిగితే డోసు తగ్గించాలి. బీపీ కూడా పెరుగుతుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండాలి.

మాత్ర దారి వేరు. అది ఎరిత్రోపొయిటిన్‌ని బయటి నుంచి ఇవ్వదు, ఒళ్లే తయారుచేసుకునేలా చేస్తుంది. ఎలాగంటే, హిఫ్ అనే ప్రొటీన్ మన కణాల్లో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే పీహెచ్‌డీ అనే ఎంజైములు దాని మీద ఒక గుర్తు పెడతాయి, ఆ గుర్తు చూసి వీహెచ్‌ఎల్ అనే ఇంకో ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ బతికి న్యూక్లియస్‌లోకి పోయి ఎరిత్రోపొయిటిన్‌తో సహా వందల జీన్లని లేపుతుంది. డెసిడుస్టాట్ చేసేదల్లా ఆ గుర్తు పెట్టే ఎంజైముల్ని ఆపడం. గాలి బాగానే ఆడుతున్నా, ఆడటం లేదని ఒళ్లు అనుకుంటుంది.

ల్యాబ్‌లో ఇది కళ్లారా కనిపిస్తుంది. కణాల ప్లేటుని ఆక్సిజన్ 1 శాతానికి తగ్గించిన పెట్టెలో కొన్ని గంటలు ఉంచి, తీసీ తీయగానే ఐసు మీద పెట్టి, ప్రొటీన్ తీసి వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రొటీన్ ఉందో లేదో గీతగా చూపే పరీక్ష) చేస్తే హిఫ్ ఉండాల్సిన చోట నల్లటి గీత పడుతుంది. అదే ప్లేటుని తీసి మామూలు గాలిలో పది నిమిషాలు వదిలేశారా, గీత పలచబడిపోతుంది, అంత తొందరగా ముక్కలైపోతుంది. ఈ మాత్ర లాంటి మందు కలిపితే పెట్టెతో పని లేకుండానే గీత వస్తుంది. ఇప్పుడు 786-ఓ అనే కణాలు తీసుకోండి. ఇవి ఒక కిడ్నీ క్యాన్సర్ రోగి గడ్డ నుంచి పెంచినవి, వీటిలో వీహెచ్‌ఎల్ చెడిపోయింది. వీటికి పెట్టె వద్దు, మందూ వద్దు, ఎంత గాలి తగిలినా హిఫ్-2 (హిఫ్‌లో ఒక రకం) గీత నల్లగా అలాగే ఉంటుంది. పట్టుకునేది లేదు కాబట్టి హిఫ్ పోగుపడుతూనే ఉంటుంది, కొత్త రక్తనాళాల్ని రప్పించే వీఈజీఎఫ్ తయారవుతూనే ఉంటుంది, గడ్డకి తిండి అందుతూనే ఉంటుంది. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో చాలావాటికి మూలం ఇదే. ఈ క్యాన్సర్ ఉన్న కొందరిలో రక్తం తగ్గడానికి బదులు మరీ ఎక్కువైపోవడం కూడా ఇందుకే.

ఈ సిగ్నల్‌ని బయటపెట్టినందుకు 2019లో కేలిన్, ర్యాట్‌క్లిఫ్, సెమెంజా ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు. ర్యాట్‌క్లిఫ్ కిడ్నీ డాక్టరు, ఎరిత్రోపొయిటిన్ ఎలా పెరుగుతుందని వెతుక్కుంటూ వచ్చాడు. కేలిన్ క్యాన్సర్ డాక్టరు, వీహెచ్‌ఎల్ చెడితే గడ్డలు ఎందుకొస్తాయని వెతుక్కుంటూ వచ్చాడు. 2001లో ఇద్దరి బృందాలూ విడివిడిగా ఆ గుర్తు దగ్గరే తేలాయి. అదే సంగతి మందుల్లోనూ చూడొచ్చు. 2021లో అమెరికాలో అనుమతి వచ్చిన బెల్జుటిఫాన్ అనే మాత్ర హిఫ్-2ని అడ్డుకుంటుంది, వీహెచ్‌ఎల్ జబ్బుతో వచ్చే కిడ్నీ గడ్డలకి వాడతారు, దాని ముఖ్యమైన సైడ్ ఎఫెక్ట్ రక్తహీనత. క్యాన్సర్ మాత్ర హిఫ్‌ని అణిచి రక్తం తగ్గిస్తుంటే, కిడ్నీ మాత్ర హిఫ్‌ని లేపి రక్తం పెంచుతోంది.

సూది అంటే ఒక్క మడికి నీళ్లు పెట్టడం, మాత్ర అంటే కేసీ కాలువ తూమే ఎత్తడం. ఎత్తితే మంచి కూడా జరుగుతుంది, అది ఒప్పుకోవాలి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (నీరు పట్టే వాపు కాదు), ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నవాళ్లలో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్‌ని బయటికి రానివ్వదు, అలాంటప్పుడు సూది డోసు ఎంత పెంచినా హిమోగ్లోబిన్ కదలదు. మాత్ర తీసుకుంటే హెప్సిడిన్ తగ్గి ఐరన్ బాగా అందుతుంది. మన దేశంలో చేసిన డ్రీమ్ పరీక్షల్లో, డయాలసిస్‌లో లేనివాళ్లు 588 మంది, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు 392 మంది మీద చూస్తే, హిమోగ్లోబిన్ పెంచడంలో మాత్ర సూదికి ఏమాత్రం తీసిపోలేదు. కానీ అవి 24 వారాల పరీక్షలు. రక్తం పెరిగిందా లేదా అని చూడటానికి 24 వారాలు చాలు, క్యాన్సర్ సంగతి తేల్చడానికి చాలవు. మాత్ర క్యాన్సర్ తెస్తుందని నేను అనడం లేదు, అలా ఎవరూ నిరూపించలేదు. వారానికి మూడుసార్లు వేసుకునే మాత్రతో హిఫ్ కాసేపు పెరిగి మళ్లీ తగ్గుతుంది, 786-ఓ కణంలో లాగా రాత్రీ పగలూ ఉండదు. అయినా ఇదే తరగతికి చెందిన రాక్సాడుస్టాట్‌ని రక్తం గడ్డకట్టే భయంతో అమెరికా 2021లో వెనక్కి పంపింది. డాప్రోడుస్టాట్‌కి 2023లో అనుమతిచ్చినా, డయాలసిస్ మీద కనీసం 4 నెలలు ఉన్నవాళ్లకే అని, క్యాన్సర్ ఉన్నవాళ్లకి వద్దని షరతులు పెట్టింది.

మరి మన దగ్గర ఎవరికి ఏది? వారానికి రెండు మూడుసార్లు ఎలాగూ డయాలసిస్‌కి వచ్చేవాళ్లకి నా ఓటు సూదికే. మిషన్ మీద ఉండగానే ఇచ్చేస్తారు, వేరే తిరుగుడు లేదు, వేసుకోవడం మర్చిపోయే సమస్య లేదు, అన్నేళ్ల అనుభవం వెనక ఉంది. ఇప్పటికే గుప్పెడు మాత్రలు మింగేవాళ్లకి ఇంకోటి కలపడం ఎందుకు?

డయాలసిస్ దాకా రానివాళ్లు, పల్లెల్లో ఉండేవాళ్ల సంగతి వేరు. సూది మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, ఎండ తగలకూడదు. మే నెలలో కర్నూల్లో కొని, ప్లాస్టిక్ కవర్లో నాలుగు ఐసు ముక్కలు వేసుకుని, బస్సులో ఆలూరు దాకా పోయేసరికి ఐసంతా నీళ్లై సీసా వెచ్చబడి ఉంటుంది. కొందరు ఐసులోనే పూడ్చేస్తారు, అదీ చెరుపే. ఇంటికెళ్లాక కరెంటు పోతే మళ్లీ టెన్షన్. వెచ్చబడిన ప్రొటీన్ మందు పనిచేయకపోవడమే కాదు, అరుదుగా దాని మీద యాంటీబాడీలు పుట్టి ఒంట్లో మిగిలిన కాస్త ఎరిత్రోపొయిటిన్‌ని కూడా దెబ్బతీసే ప్రమాదం ఉంది. అలాంటి ఇంట్లో మాత్రే మేలు, అందులో నాకు సందేహం లేదు. ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. నెలకోసారి హిమోగ్లోబిన్ చూపించుకుంటామని మాటిస్తేనే సుమా. ఇంట్లో ఉంది కదా అని టెస్టు లేకుండా మింగుతూ పోతే, సూదితో వచ్చిన ముప్పే మాత్రతోనూ వస్తుంది.

ఏది మొదలుపెట్టే ముందైనా ఒంట్లో ఐరన్ సరిపడా ఉందో లేదో చెప్పే ఫెరిటిన్, టీశాట్ పరీక్షలు చేయించండి. ఐరన్ లేకుండా సూదీ పనిచేయదు, మాత్రా పనిచేయదు, ఒక్క ఐరన్ సరిచేసినా చాలామందికి తేడా కనిపిస్తుంది.

మాత్ర వద్దని నేను గట్టిగా చెప్పేది కొందరికి. పక్షవాతం వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు. కిడ్నీల్లో నీటిబుడగలు వంశంలో ఉన్నవాళ్లు కూడా డాక్టర్ని ఒకటికి రెండుసార్లు అడగాలి, హిఫ్ పెరిగితే ఆ బుడగలు పెరగడం ఎలుకల్లో చూశారు. షుగర్‌తో కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి, వీఈజీఎఫ్ కథ అక్కడ కూడా ఉంది.

క్యాన్సర్‌తో ఒక కిడ్నీ తీసేశారు, ఉన్న ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు, హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది, ఏం చేయమంటారు అని అడిగేవాళ్లు ఉన్నారు. వీళ్ల విషయంలో నేను మాత్ర వైపు చూడను. తీసేసిన గడ్డ ఏ సిగ్నల్‌తో పెరిగిందో అదే సిగ్నల్‌ని మళ్లీ లేపడం నా మనసు ఒప్పుకోదు. ముందు ఐరన్ సరిచేయాలి. అది చాలకపోతే, క్యాన్సర్ డాక్టరూ కిడ్నీ డాక్టరూ ఇద్దరూ మాట్లాడుకుని సరేనంటే, ఆయాసం లేకుండా తిరగగలిగేంత మటుకు తక్కువ డోసు సూది. కర్నూల్లో కిడ్నీకి ఒకరి దగ్గర, క్యాన్సర్‌కి హైదరాబాద్‌లో ఇంకొకరి దగ్గర చూపించుకునేవాళ్లు పాత ఫైలు ఇంట్లో పెట్టి రాకండి, బయాప్సీ రిపోర్టులో "క్లియర్ సెల్" అని ఉన్న కాగితం కిడ్నీ డాక్టరు ముందు పెట్టి అప్పుడు అడగండి.