0001 నుంచి మళ్లీనా, ఆపిన చోటి నుంచా?

పెళ్లి ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకునే పని చాలా ఇళ్లలో తెల్లకాగితం మీదే జరుగుతుంది. ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు చేరి, నచ్చిన ఫొటో కింద కనిపించే నంబరు రాసుకుంటూ పోతారు. ఒకసారి బంధువుల పెళ్లికి ఫొటోలు తీసి, అలాంటి కాగితమే అందుకున్నాను. అందులో 0112 అని ఉంది. నా దగ్గర చూస్తే 0112లు రెండున్నాయి. ఒకటి తలంబ్రాలు. రెండోది రెండో బంతిలో ఒక పెద్దాయన తన్మయంగా పెరుగన్నం జుర్రుకుంటున్నది. ఆల్బమ్‌లో నిండు పేజీకి ఏది ఎక్కిందో చెప్పను.

తప్పు నాదే. మెమరీ కార్డు మార్చిన ప్రతిసారీ ఫొటోల నంబర్ల లెక్క 0001 నుంచి మొదలయ్యేలా కెమెరాను పెట్టుకున్నాను, చూడటానికి శుభ్రంగా ఉంటుందని.

కార్డులో ఫొటోలు ఎక్కడ ఉండాలి, వాటి పేర్లు ఎలా ఉండాలి అనేదానికి జపాన్ కెమెరా తయారీదారులు 1998లోనే ఒక ఉమ్మడి నియమం పెట్టుకున్నారు. దాని పేరు డీసీఎఫ్. కార్డులో ముందుగా డీసీఐఎం అనే ఫోల్డరు ఉంటుంది. దాని లోపల 100 నుంచి 999 వరకు మూడంకెలతో మొదలయ్యే ఫోల్డర్లు, ఆ అంకెల వెనుక కంపెనీ ఇష్టంగా పెట్టుకునే అయిదు అక్షరాలు. ఫైలు పేరులో మొదటి నాలుగు అక్షరాలు కంపెనీవి, తర్వాతి నాలుగు 0001 నుంచి 9999 వరకు నడిచే అంకెలు. చాలా కెనాన్ కెమెరాల్లో ఐఎంజీ_0001, నికాన్‌లో డీఎస్‌సీ_0001 వచ్చేది ఇందుకే. అంకెలకు ఉన్న చోటు నాలుగే కాబట్టి, వాటిని ఎలా ఖర్చు పెట్టాలన్నదే మన చేతిలో ఉన్న విషయం.

మెనూలో దీనికి ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. కెనాన్ వాటిని కంటిన్యుయస్, ఆటో రీసెట్ అంటుంది. సోనీలో సిరీస్, రీసెట్. నికాన్‌లో ఫైలు నంబర్ల వరుసను ఆన్ చేయడం, ఆఫ్ చేయడం. మొదటిదానిలో కార్డు మార్చినా, ఫార్మాట్ చేసినా (అంటే కార్డును మొత్తం ఖాళీ చేసినా) నిన్న ఆపిన నంబరు దగ్గరే ఇవాళ మొదలవుతుంది. రెండోదానిలో కొత్త కార్డు, కొత్త లెక్క.

రీసెట్‌ను కొట్టిపారేయడానికి లేదు. బడిలో గుర్తింపు కార్డులకు ఫొటోలు తీసేవారికి అది వరం. పిల్లలను రోల్ నంబర్ల వరుసలో నిలబెట్టి, తరగతి మారినప్పుడల్లా లెక్కను 0001కి తెస్తే ఫైలు నంబరే రోల్ నంబరు అవుతుంది. కెనాన్‌లో దీనికోసం మాన్యువల్ రీసెట్ విడిగా ఉంది. అది నొక్కగానే కొత్త ఫోల్డరు తెరిచి ఒకటి నుంచి మొదలుపెడుతుంది. పాత పుస్తకాన్ని పేజీ పేజీగా ఫొటో తీసేవారికీ ఇదే సులువు. అయితే ఆ రోజు బడికి రాని పిల్లవాడు ఒక్కడున్నా, కళ్లు మూసుకున్నందుకు ఇంకొకరిని రెండోసారి తీసినా అక్కడి నుంచి లెక్క తప్పుతుంది. రాని పిల్లవాడి వంతు వచ్చినప్పుడు ఖాళీ గోడను ఒక ఫొటో తీస్తే సరిపోతుంది.

ఇలాంటి పనులు కాకపోతే నా ఓటు వరుస లెక్కకే. నంబర్లు కలగాపులగం కావు, రెండు కార్డులను ఒకే ఫోల్డరులోకి దించినా ఒకదానిపై ఒకటి పడవు. దీనికీ రెండు లొసుగులున్నాయి. 9999 దాటగానే ఫోల్డరు సంఖ్య ఒకటి పెరిగి, ఫైలు లెక్క మళ్లీ 0001కి వస్తుంది. ఫోల్డరును వదిలేసి ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకునే అలవాటుంటే పదివేల ఫొటోల తర్వాత మళ్లీ తలంబ్రాలూ పెరుగన్నమూ కలుస్తాయి. రెండోది అరువు తెచ్చుకున్న కార్డు. మిత్రుడి కార్డులో 8431 వరకు ఫొటోలుండగా మీ కెమెరాలో పెడితే, 300ల దగ్గరున్న మీ లెక్క ఒక్క దూకున 8432కి వెళ్లవచ్చు. అందుకే ఎవరి కార్డైనా సరే, అందులోని ఫొటోలు వారికి భద్రంగా చేరాయని తేలాక, ఫార్మాట్ చేసే వాడండి. పాత కెమెరా కొనేటప్పుడు ఫైలు నంబరు చూసి ఇన్నే ఫొటోలు తీసిందని నమ్మకూడదన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది.

తేదీని పేరులోనే ఇరికించే పద్ధతులూ ఉన్నాయి. సోనీలో ఫోల్డరు పేరును తేదీ పద్ధతికి మార్చుకుంటే 10050405 వంటిది వస్తుంది: 100వ ఫోల్డరు, 2015లోని చివరి 5, ఏప్రిల్ 5. ఒలింపస్ ఫైలు పేరులోనే నెల, రోజు పెట్టింది. నెలకు ఒకే అక్షరం చోటుంది కాబట్టి అక్టోబరుకు ఏ, నవంబరుకు బీ, డిసెంబరుకు సీ. తెలివైన సర్దుబాటే గాని, సంవత్సరం లేని తేదీ వచ్చే ఏడాది అదే రోజున మళ్లీ వస్తుంది. ప్రయాణాల్లో రోజుకో ఫోల్డరు హాయిగా ఉంటుంది. పెళ్లిలో మాత్రం అర్ధరాత్రి ముహూర్తమైతే సగం పెళ్లి ఒక ఫోల్డరులో, సగం మరొకదానిలో పడుతుంది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. కెమెరాలో వరుస లెక్క. రెండు కెమెరాలుంటే, మెనూ ఒప్పుకున్న మేరకు మొదటి అక్షరాలు వేరుగా. కంప్యూటర్‌లోకి దించాక, ఫొటోలో దాగి ఉండే తేదీ, సమయాలతో సాఫ్ట్‌వేర్ చేత పేర్లు మార్పించడం. ఈ మార్పు కార్డు మీదే చేయకండి, నియమం తప్పిన పేరున్న ఫొటోను కెమెరా చూపించకపోవచ్చు. పెళ్లికి బయల్దేరే ముందు రెండు కెమెరాల గడియారాలను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. పది నిమిషాల తేడా చాలు, ఆల్బమ్‌లో జీలకర్రబెల్లం కంటే ముందే తలంబ్రాలు పడిపోతాయి.