మ్యూజికల్ థియేటర్ ప్రీస్క్రీన్ వీడియోలకు జూమ్ హెచ్1 ఎసెన్షియల్: ఏడాది పైగా వాడాక

మా అమ్మాయి మ్యూజికల్ థియేటర్ బీఎఫ్ఏకి (పాట, నటన, డాన్స్ కలిపి నేర్పే డిగ్రీ) అప్లై చేసిన ఏడాది ఈ చిన్న రికార్డర్ కొన్నాం. తర్వాతి సీజన్‌లో మా తోడికోడలు కొడుకు కూడా దీంతోనే ఆడిషన్ వీడియోలు చేసుకున్నాడు. (వీడియో కాల్స్ జూమ్‌కీ దీనికీ సంబంధం లేదు.) దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క విషయం దగ్గరే ఉంది. ఇది 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డ్ చేస్తుంది, కాబట్టి పాడే ముందు లెవెల్ (మైకు సౌండ్‌ని ఎంత తీసుకోవాలో) సెట్ చేసుకునే పని లేదు. మిగతా ఫీచర్లు ఎక్కడైనా చదువుకోవచ్చు.

అది ఎందుకంత ముఖ్యమో ప్రీస్క్రీన్ (అసలు ఆడిషన్‌కి పిలిచే ముందు కాలేజీలు అడిగే వీడియో) చేసిన ఇళ్లవాళ్లకి తెలుసు. పాటకి చాలా కాలేజీలు ఇచ్చేది 60 నుంచి 90 సెకన్లు. అంతలోనే మాట్లాడుతున్నంత మెల్లగా మొదలుపెట్టి, చివరి లైన్లలో బెల్టింగ్‌తో (పై స్థాయిలో నిండు గొంతుతో గట్టిగా పాడటం) పైకి వెళ్లాలి. ఫోన్ ఈ తేడాని తనంతట తనే సర్దేస్తుంది. అమ్మాయి గొంతు పెంచగానే మొత్తం సౌండ్‌ని అణిచేస్తుంది, పియానో ట్రాక్ అడుగున పడిపోతుంది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే పియానో మళ్లీ ఉబికి వస్తుంది. అంతకు ముందు కొన్న కాలర్ మైక్ ఇంకో రకం బాధ పెట్టింది. పై స్థాయికి వెళ్లగానే ఎర్ర లైటు వెలిగేది, రికార్డింగ్ బరబరమని చిట్లిపోయేది. లెవెల్ తగ్గిస్తే మొదటి లైన్లు వినపడేవి కావు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది సౌండ్ కాదు. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుని గొంతు విప్పి పాడే పిల్ల, ఆ ఎర్ర లైటు చూసి చూసి పెద్ద నోట్ దగ్గర గొంతు దాచుకోవడం మొదలుపెట్టింది. ఆ నోట్ వచ్చేసరికి ఒక అడుగు వెనక్కి వేసేది. నటనంతా అక్కడే తెగిపోయేది.

రికార్డర్ వచ్చాక మొదటి ఆదివారం బేస్‌మెంట్‌లో కూర్చున్నాం. "లైటు లేదు, ఏమీ లేదు, నువ్వు పాడు" అన్నాను. నిజంగానే పూర్తి గొంతుతో పాడింది. ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే గుండె జారిపోయింది. చివరి లైన్ దగ్గర సౌండ్ గీత పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. "అమ్మా, ఇది కూడా పోయింది" అని అమ్మాయి మెట్ల మీద కూలబడింది. ఆ వారంలోనే రెండు కాలేజీల గడువు ఉంది.

వాల్యూమ్ గీతని పట్టుకుని మెల్లగా కిందికి లాగాను. ఆ చదును భాగం కిందికి దిగుతూ దిగుతూ, పైన దాగి ఉన్న గుండ్రటి కొనలన్నీ బయటపడ్డాయి. ఒక్కటీ విరగలేదు. మామూలు ఫైల్‌లో పై హద్దు దాటిన సౌండ్ అక్కడితో పోయినట్టే, తిరిగి రాదు. ఫ్లోట్ ఫైల్‌లో హద్దు దాటిన అంకెలు కూడా అలాగే ఉంటాయి, స్క్రీన్ మీద కనపడవంతే. అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "నోట్‌కి ముందు నేను తీసుకున్న ఊపిరి కూడా వినిపిస్తోంది" అంది. మళ్లీ నిలబడి, నేను అడగకుండానే ఇంకో టేక్ పాడింది. ఆ అడుగు వెనక్కి వేసే అలవాటు అక్కడితో పోయింది. ఒక్క దీనికే నేను పెట్టిన డబ్బు నాకు దక్కిందనుకుంటాను.

లెవెల్ గొడవ లేదన్నాను గానీ, బ్యాలెన్స్ గొడవ ఉంది. పియానో, గొంతు ఒకే మైకులో పడతాయి కాబట్టి వాటిని తర్వాత విడదీయలేం. స్పీకర్‌ని ఎక్కడ పెట్టాలో గదిలోనే తేల్చుకోవాలి. మాకు కుదిరింది ఇది: రికార్డర్‌ని ఫ్రేమ్‌కి కొంచెం కింద, అమ్మాయికి నాలుగైదు అడుగుల దూరంలో చిన్న స్టాండ్ మీద పెట్టడం, స్పీకర్‌ని పక్కగా ఇంకాస్త దూరం జరపడం. గది మోత (గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని) కూడా ఈ ఫ్లోట్‌తో పోదు. మేం గోడలకి కంఫర్టర్లు వేలాడదీశాం. మైకు తట్టుకునే హద్దు 120 డెసిబెల్స్. అంత దూరంలో పాడితే భయం లేదు గానీ, నోటి దగ్గర పెట్టుకుని అరిస్తే ఫ్లోట్ కూడా కాపాడలేదు.

ఇంకొకటి, ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లు జాగ్రత్త. కొన్ని యాప్‌లు ఈ ఫైల్‌ని మామూలు ఫైల్‌గా మార్చేస్తాయి, అప్పుడు పైన చెప్పిన లాభం పోతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ తగ్గించి, తర్వాత వీడియోకి కలపండి. కలపడానికి టేక్ మొదట్లో ఒక చప్పట్ కొడితే చాలు, తర్వాత ఆ ముక్క తీసేయొచ్చు. పాట మధ్యలో మాత్రం కట్ ఉండకూడదు. రివర్బ్ (ప్రతిధ్వని కలపడం), పిచ్ కరెక్షన్ (శ్రుతి సరిదిద్దడం) జోలికి మేం అసలు వెళ్లలేదు. విడిగా రికార్డ్ చేసిన ఆడియో విషయంలో ఒక్కో కాలేజీ సూచనలు ఒక్కో రకంగా ఉండొచ్చు, ముందే చదువుకోండి.

అందరూ కొనాలా అంటే చెప్పలేను. ఫోన్ వీడియో చాలని, రికార్డింగ్ హంగులు తమకి ముఖ్యం కాదని కాలేజీలే చెబుతుంటాయి. మా అమ్మాయికి వచ్చిన కాల్‌బ్యాక్‌లలో (తర్వాతి ఆడిషన్‌కి పిలుపులు) దీని పాత్ర ఎంతో నాకు తెలిసే దారి లేదు, ఎందుకు తీసుకున్నారో, ఎందుకు వద్దన్నారో వాళ్లు చెప్పరు. మా తోడికోడలు కొడుకుది ఒకే స్థాయిలో సాగే మెత్తటి గొంతు. వాడికి ఫోన్‌కీ దీనికీ పెద్ద తేడా కనపడలేదు. మోనోలాగ్‌లు (ఒక్కరే చెప్పే నాటకం మాటలు) మేమూ ఫోన్‌తోనే చేశాం. బెల్టింగ్ పాడే పిల్లలుండి, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఓపిక ఒకరికి ఉంటే మాత్రం వేసవిలోనే కొనండి. సెప్టెంబర్ వచ్చాక స్కూలు, వ్యాసాలు, రిహార్సల్స్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, స్పీకర్ ఎక్కడ పెట్టాలో చూసుకునే తీరిక అప్పుడు దొరకదు.