బ్లెండర్ గ్రాఫ్ ఎడిటర్: ఏళ్ల తరబడి వాడాక

బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేము ఫ్రేముకూ విలువ ఎలా మారుతుందో చూపే గీతే కర్వ్; దాన్ని మలిచే చోటు గ్రాఫ్ ఎడిటర్. కర్వ్ ఎంత నున్నగా ఉంటే కదలిక అంత బాగుంటుందని చాలామంది నమ్మకం. గ్రాఫ్ ఎడిటర్ ఎక్కువకాలం వాడితే తేలేది వేరు: కర్వ్‌ను ఎక్కడ విరవాలో తెలిస్తేనే బొమ్మకు బరువు వస్తుంది. అందుకు కావలసిన పనిముట్లన్నీ ఇందులో ఉన్నాయి, అదీ ఉచితంగా. డిఫాల్ట్ అమరికే చిక్కు.

కొత్త కీ (ఒక ఫ్రేములో విలువను నిలిపే గుర్తు) పెట్టగానే బెజియర్ ఇంటర్‌పొలేషన్ (కీల మధ్య వంపు గీత), ఆటో క్లాంప్డ్ హ్యాండిల్ (ఆ వంపును మలిచే పిడి) వస్తాయి. పైకొసల్లో, కిందికొసల్లో కర్వ్ చదునైపోతుంది. దాంతో ప్రతి పోజు దగ్గరా వస్తువు నెమ్మదించి మళ్లీ కదులుతుంది. బంతి నేలను కొట్టదు, నీళ్లలో దిగినట్టు దిగుతుంది.

బంతినే తీసుకుందాం. సెకనుకు 24 ఫ్రేములైతే 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడడానికి 12 ఫ్రేములు పడుతుంది: పైన కీ 1వ ఫ్రేములో, నేల కీ 13లో. నేల దగ్గర వి నొక్కి హ్యాండిల్‌ను వెక్టర్ (పక్క కీ వైపు నేరుగా చూసేది) చేస్తే మొన వస్తుంది గానీ, తాకే క్షణంలో ఉండాల్సిన వేగంలో సగమే ఉంటుంది. దెబ్బ మెత్తగా కనిపించేది అందుకే. హ్యాండిల్‌ను ఫ్రీ (ఎటైనా తిప్పగలిగేది) చేసి, ఎన్ నొక్కితే వచ్చే పట్టీలోని ఎఫ్-కర్వ్ ట్యాబ్‌లో అంకెలు టైప్ చేయాలి: నేల కీ ఎడమ హ్యాండిల్ ఫ్రేము 9, విలువ 0.8, పై కీ కుడి హ్యాండిల్ ఫ్రేము 5, విలువ 1.2. గురుత్వాకర్షణ గీసే పారాబొలా అచ్చంగా వస్తుంది. తిరిగి 0.6 మీటర్లు ఎగరాలంటే 8 ఫ్రేములు, ఆ తర్వాత 0.3కు 6. ముందుకు కదిలే కర్వ్‌లో మాత్రం ఈ కీలేవీ వద్దు. బంతి దొర్లి ఆగేదాకా మొదలూ చివరా రెండు చాలు.

క్లాంప్ లేని ఆటోమేటిక్ హ్యాండిల్ ఇంకా ప్రమాదం. కీ విలువను దాటి కర్వ్ ఉబ్బుతుంది, పాదం నేలలోకి దిగబడుతుంది.

నడక సైకిల్‌లో (మళ్లీ మళ్లీ తిరిగే నడకలో) తరచూ కనిపించే కుదుపుకు కారణం చిన్నదే. 1వ ఫ్రేములోనూ 25లోనూ ఒకే పోజు ఉంటే ప్లే రేంజి 24తో ముగియాలి, లేకపోతే ఆ పోజు వరుసగా రెండుసార్లు పడుతుంది. షిఫ్ట్-ఈలో మేక్ సైక్లిక్ ఎంచుకుంటే అతుకు దగ్గర హ్యాండిల్స్ కూడా కలుస్తాయి. పాత్రను ముందుకు నడిపే కర్వ్ లీనియర్‌గా (సరళరేఖలా) లేకపోతే పాదాలు జారతాయి.

భ్రమణం దగ్గరే ఈ ఎడిటర్ నిజంగా విసిగిస్తుంది. బోన్లకు (పాత్రను కదిపే లోపలి ఎముకలకు) డిఫాల్ట్‌గా వచ్చే క్వాటర్నియన్‌లో, అంటే భ్రమణాన్ని నాలుగు అంకెల్లో చెప్పే పద్ధతిలో, నాలుగు గీతలు ఉంటాయి; వాటిని చూసి చెయ్యి ఎటు తిరుగుతోందో పోల్చుకోలేం. మోచేయి, మోకాలు లాంటివాటిని కీలు పెట్టకముందే ఆయిలర్‌కు (మూడు అక్షాల కోణాల్లో చెప్పే పద్ధతికి) మార్చుకోవడం మేలు. ఆయిలర్‌లో విలువ ఉన్నట్టుండి 180 నుంచి మైనస్ 180కి దూకి చెయ్యి గిర్రున తిరిగితే, కీ మెనూలోని డిస్‌కంటిన్యుయిటీ ఫిల్టర్ సరిచేస్తుంది. రెండు అక్షాలు ఒకదానిమీదొకటి పడి ఒక తిరుగుడు పోయే గింబల్ లాక్‌కు మాత్రం అది మందు కాదు, యాక్సిస్ (అక్షాల) క్రమమే మార్చాలి.

రిగ్ (పాత్ర బోన్ల అమరిక) మొత్తం తెరిస్తే తెర నిండా దారపు చిక్కే. ఎంచుకున్నవే చూపే ఓన్లీ షో సెలెక్టెడ్, కర్వ్‌లను ఒకే కొలతకు తెచ్చే నార్మలైజ్ రెండూ ఆన్ చేసి, అన్నీ తెరలో పట్టేలా హోమ్ నొక్కి పని మొదలుపెట్టాలి. టైమింగ్ తేల్చుకునే ముందు వ్యూపోర్టు (దృశ్యం కనిపించే కిటికీ) మూలలోని ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకె చూడండి. అది ఎర్రగా ఉంటే మీరు చూస్తున్నది అసలు వేగం కాదు. ప్లేబ్యాక్ సింక్‌ను ఫ్రేమ్ డ్రాపింగ్‌కు (వేగం నిలిచేలా ఫ్రేములు వదిలేసే పద్ధతికి) మార్చి చూశాకే కీలు జరపండి.