దక్షిణచిత్రకు ఒక పూట చాలదు

నెల్లూరు నుంచి బడిపిల్లలతో చెన్నై విహారయాత్ర అంటే మెరీనా, వండలూరు జూ, మహాబలిపురం అని లెక్క. ఈసారి మా ఎనిమిదో తరగతి పిల్లలను ముందు ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్రకు తీసుకెళ్లాం. దక్షిణాది పాత ఇళ్లను, చేతిపనులను చూపించే ఆరుబయటి ప్రదర్శనశాల అది. చెన్నై నుంచి తూర్పు తీర రహదారిలో సుమారు 25 కిలోమీటర్లు.

మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ 1996లో దీన్ని తెరిచింది. దక్షిణాది పల్లెల్లో కూల్చేయబోతున్న పాత ఇళ్లను కొని, దూలాలు, తలుపులు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. లోపలికి వెళ్లి అరుగు మీద కూర్చోవచ్చు, వంటింట్లోకి తొంగిచూడవచ్చు. చెట్టినాడు ఇంటి స్తంభాల దగ్గర పెద్దవాళ్లం ఆగిపోయాం. పిల్లలు ఒక చూపు చూసి ముందుకు ఉరికారు.

వాళ్లు ఆగింది విశాఖ వైపు హరిపురం నుంచి వచ్చిన చుట్టిల్లు దగ్గర. చూరు బాగా కిందికి ఉండటంతో పొడుగు కుర్రాళ్లు నడుము వంచి దూరారు. ఇంత కిందికి ఎందుకని అడిగారు. గుండ్రటి గోడకు మూలలు ఉండవు, తుఫాను గాలికి పట్టు దొరకదు, చూరు కిందికి దిగితే గాలి లోపల దూరి కప్పు ఎగరగొట్టలేదు అని చెప్పాను. తుఫాన్లు ఎరిగిన పిల్లలు కదా, వెంటనే అందుకున్నారు. "మరి మా ఇంటికి నాలుగు మూలలెందుకు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. పాఠంలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

తెలంగాణలోని కొయ్యలగూడెం నేతకారుల ఇంట్లో మరో సంగతి తెలిసింది. ఇకత్ అనే నేతలో డిజైను నేసిన గుడ్డ మీద వేసేది కాదు. దారాన్ని ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు.

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది కుమ్మరి సారె దగ్గర. తడి మట్టి ముద్ద మధ్యలో బొటనవేళ్లు దించగానే అంచు పైకి లేస్తుంది, కాస్త ఎక్కువ నొక్కితే పక్కకు వాలిపోతుంది. క్లాసులో నోరు విప్పని కుర్రాడు వంకర ప్రమిదనైనా నిలబెట్టాడు. బడి తరఫున వెళ్లేవారు ఇలాంటి పనులు ఏవేవి చేయిస్తారో ముందే ఫోనులో మాట్లాడుకోవాలి. మంగళవారం సెలవు.

ఆవరణలో అతిథి గృహం ఉంది. పెద్ద బృందం కాబట్టి మేం ఊళ్లో ఒక లాడ్జిలో దిగాం. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు, తెల్లవారేసరికి అంతస్తుకు ఒక బకెట్ చూపించారు. పిల్లలతో వెళ్లేవారు గదులు చూశాకే బయానా ఇవ్వాలి.

ఎండ గట్టిగా ఉంటుంది, తిరిగేది ఎక్కువగా ఆరుబయటే. టోపీలు, నీళ్ల సీసాలు తప్పనిసరి. బస్సు మాట్లాడేటప్పుడు మొసళ్ల పార్కు, మహాబలిపురం కూడా అదే రోజు చుట్టేద్దామంటారు. దారి ఒకటే కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. ఒప్పుకుంటే సారె దగ్గర వరుసలో చివరన ఉన్న పిల్లలకు మట్టి అంటకుండానే డ్రైవరు హారన్ కొడతాడు.