బరంపురం నుండి మారిషస్ అడవులకు: ఒక యాత్రా సేవపై సమీక్ష

ఒడిశాలోని గంజాం జిల్లాకు చెందిన మా బరంపురంలోని ఒక యాత్రా సంస్థ గత జూన్ నెలలో నడిపిన ఎనిమిది రోజుల మారిషస్ యాత్రకు మేము తొమ్మిది మందిమి వెళ్లి వచ్చాము. ఆరుగురం బరంపురం వాళ్లం, ఇద్దరు పర్లాకిమిడి నుండి, ఒకరు గుణుపురం నుండి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయిని. సముద్రతీరపు హోటళ్లలో సేదదీరే యాత్ర కాదనీ, కొండలూ అడవులూ కాలినడకన చూపించే యాత్ర అనీ చెప్పడం వల్లనే మేము చేరాము. మనిషికి 1,38,000 రూపాయలు తీసుకున్నారు. అందులో విమాన టిక్కెట్లు, బస, ఉదయపు ఫలహారం, రాత్రి భోజనం, నాలుగు నడకలకు స్థానిక గైడు కలిసి ఉన్నాయి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై చేరేసరికే దాదాపు ఒకటిన్నర రోజు గడుస్తుంది కనుక, విమానానికి ముందు అక్కడ ఒక రాత్రి బస ఇవ్వడం పెద్దవాళ్లకు ఎంతో మేలు చేసింది.

మారిషస్ లావా గడ్డకట్టి ఏర్పడిన ద్వీపం. అక్కడ ఇప్పుడు రగిలే పర్వతమేదీ లేదు. పొరుగున ఉన్న రీయూనియన్ ద్వీపంలో మాత్రం నేటికీ లావా ఉబికే పర్వతం ఉంది. మొదటి రోజు క్యూర్‌పీప్ పట్టణంలోని ట్రూ ఓ సెర్ఫ్ అనే చల్లారిన అగ్నిపర్వత ముఖం చుట్టూ నడిపించారు. సుమారు 300 మీటర్ల వెడల్పు గల ఆ గుంట అడుగున నీరు నిలిచి, లోపలి వాలు అంతా చెట్లతో నిండి ఉంది. అయితే ఆ నేల పుట్టుక నాకు అర్థమైనది అక్కడ కాదు, దారిలోని చెరకు తోటల దగ్గర. ప్రతి తోట మధ్యలోనూ మనిషి ఎత్తును మించిన నల్లరాళ్ల గుట్టలు కనిపించాయి. నేలంతా పరచుకుని ఉన్న లావా రాళ్లను చేతులతో ఏరి కుప్పలు పోస్తే తప్ప అక్కడ చెరకు నాటడానికి చోటు ఉండేది కాదనీ, ఆ పని చేసినవారు మొదట బానిసలు, తరువాత మన దేశం నుండి వెళ్లిన ఒప్పంద కూలీలు అనీ గైడు చెప్పాడు. మహేంద్రగిరి రాళ్లను చూస్తూ పెరిగిన మాకు ఆ నల్లటి, చిల్లులు పడిన రాయి కొత్త. ఆ గుట్టలు పేర్చిన చేతులు మాత్రం కొత్తవి కావు. గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఆ కూలీలలో ఉన్నారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఒడిశాలో చేరింది 1936లో.

రెండవ నడక ఈ యాత్రలో అన్నిటికంటె విలువైనది. 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనంలో, పెట్రిన్ దగ్గర మొదలై మకాబే అడవి గుండా లోయలోకి దిగే దారి అది. సుమారు పది కిలోమీటర్లు. జూన్ అక్కడ చలికాలం. పీఠభూమి మీద పొగమంచు, సన్నని తుంపర, అడుగు జారే ఎర్రమట్టి. మా గైడు ఆ ద్వీపపు వాడుకభాష క్రియోల్ మాతృభాషగా గల నడివయసు మనిషి. అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని ముందు నిలబెట్టి, వారి నడకకే మిగిలిన వారి నడకను సరిపెట్టిన అతని పద్ధతి వల్ల చివరి వరకూ ఎవరమూ అలసిపోలేదు. ఒక చెట్టు దగ్గర ఆగి, నల్లటి గట్టి చేవ కోసం డచ్చి వారు పదిహేడవ శతాబ్దంలో నరికి ఓడలకెక్కించిన ఎబొనీ ఇదేనని చూపించాడు. అది మన తునికి చెట్టుకు దాయాది. మల్కనగిరి, కోరాపుట్ అడవులలో బీడీల కోసం కోసే తునికాకు చెట్టు, ఆ ద్వీపపు ఎబొనీ ఒకే ప్రజాతికి చెందినవని నేను చెప్పినప్పుడు అతడు ఆగి, ఆ పేరును రెండు మూడు సార్లు పలికి నేర్చుకున్నాడు.

ఆ అడవిని అందంగా ఉన్నదని మాత్రమే చెప్పి వదిలివేయకపోవడం ఈ సేవలోని గొప్పతనం. దారికి ఇరువైపులా గోడలా పెరిగిన చైనా జామ పొదల నుండి ఎర్రటి చిన్న కాయలు కోసి మా చేతులలో పెట్టి, తిన్న తరువాత, ఈ పొదలే ఇక్కడి స్థానిక వృక్షాలను ఊపిరాడకుండా చేస్తున్నాయని చెప్పాడు. బయటి నుండి తెచ్చిన దుప్పులు, కోతులు, పందులు మొలకలను బతకనివ్వకపోవడం వల్ల కొన్ని చోట్ల కంచెలు వేసి, పొదలను వేళ్లతో సహా పీకి, పాత చెట్లను మళ్లీ నాటుతున్నారు. మంచి స్థితిలో మిగిలిన స్థానిక అడవి ద్వీపంలో రెండు శాతం కూడా లేదట. 1974 నాటికి తెలిసినంత వరకు నాలుగే మిగిలిన మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగను పెంపక కేంద్రాల సహాయంతో మళ్లీ వందలకు చేర్చిన కథను లోయ అంచున కూర్చోబెట్టి చెప్పాడు. డేగ మాకు కనిపించలేదు. గులాబీ రంగు పావురం ఒకటి కొమ్మ మీద వాలి, చాలాసేపు కదలకుండా ఉంది.

మూడవ నడక 828 మీటర్ల ఎత్తు గల, ద్వీపంలోకెల్లా పెద్దదైన బ్లాక్ రివర్ శిఖరానికి. చివరి భాగం నిట్టనిలువుగా ఉండి, తాళ్లు పట్టుకుని ఎక్కవలసి వస్తుంది. ఈ సంగతిని సంస్థ ముందుగా చెప్పలేదు. మాలో నలుగురు కిందనే ఆగిపోయారు. నాలుగవది 556 మీటర్ల ల మోర్న్ కొండ. పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు కనుక 2008లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. దాని కథ చెబుతున్నంతసేపూ మా గైడు గొంతు మారింది. అతని పూర్వీకుల కథ అది. ఆ ముప్పావుగంట మేము ఎవరమూ ఫొటోలు తీయలేదు.

భోజనం విషయం త్వరగా చెప్పేస్తాను. వీధి బండ్ల మీద అమ్మే దాల్ పూరీ, మన మసాలా వడకు అచ్చం చెల్లెలైన గాతో పిమా రెండూ శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు. హోటలు రాత్రి భోజనం సాధారణంగా ఉంది. గంగా తలావ్ దర్శనం బాగా జరిగింది. అది కూడా అగ్నిపర్వత ముఖంలో నిలిచిన సరస్సే.

నా అసంతృప్తి అంతా ప్రజలకూ చరిత్రకూ కేటాయించిన సమయం గురించి. ఉగాదికి దేశమంతటా సెలవు ఇచ్చే, బడులలో తెలుగు నేర్పే, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ద్వీపం అది. అయినా తెలుగువారి పల్లెలో మాకు దొరికినది ఒక సాయంత్రంలో గంటన్నర మాత్రమే. రామభజన జరిగే మందిరం ముందు ముగ్గు వేస్తున్న ఒక పెద్దావిడకు క్రియోల్ తప్ప వేరే మాట రాదనుకున్నాము. గుణుపురం టీచరుగారు మా బరంపురంలో జరిగే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర గురించి చెబుతూ “అమ్మోరు” అనగానే ఆమె లేచి, “అమ్మోరు పండగ, మా ఇంట్లో కూడా” అని టీచరుగారి చేయి పట్టుకుంది. మాట అక్కడ మొదలైంది. బస్సు హారను కూడా అక్కడే మోగింది.

పోర్ట్ లూయిలోని ఆప్రవాసీ ఘాట్ సంగతి ఇంకా బాధాకరం. 1834 నుండి 1920 వరకు సుమారు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ ద్వీపానికి చేరారు; వారు ఎక్కిన పదహారు మెట్లు అక్కడ నేటికీ ఉన్నాయి. ఓడ బొమ్మలు అమ్మే దుకాణంలో రెండు గంటలు ఉంచిన సంస్థ ప్రతినిధి అక్కడ మాకు నలభై నిమిషాలు ఇచ్చాడు. మా వీధిలో అందరమూ మామయ్యగారని పిలిచే 74 ఏళ్ల పెద్దాయన మాతో వచ్చారు. ఆయన ముత్తాత తమ్ముడు ఛత్రపురం దగ్గరి పల్లె నుండి ఓడ ఎక్కి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. “ఇంకొక్క పావుగంట ఉండనివ్వు, బాబూ” అని ఆయన అడిగితే, “విమానాశ్రయానికి ఆలస్యమవుతుంది, మామయ్యగారూ” అన్నాడు ప్రతినిధి. విమానం రాత్రికి.

మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ కూలీల రిజిస్టర్లు భద్రపరచి ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు వంటి వివరాలు వాటిలో రాసి ఉంటాయి. మన గంజాం నుండి ప్రజలను తీసుకువెళ్లే సంస్థ కార్యక్రమంలో ఆ చోటు పేరే లేకపోవడం నన్ను కలచివేసింది. తిరిగి వచ్చాక వారి కార్యాలయానికి వెళ్లి ఈ మాటే చెప్పాను. యజమాని శ్రద్ధగా విని, ఓడ బొమ్మల దుకాణం తీసివేసి మోకాకు ఒక పూట చేరుస్తామని, శిఖరపు నడకలో తాళ్ల సంగతి ముందే రాసి ఇస్తామని అన్నారు.

అడవి నడకల కోసం, ఆ గైడు కోసం ఈ సేవను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వెళ్లేవారు పట్టు గల బూట్లు, సన్నని వానకోటు తీసుకెళ్లండి. రెండవ వాయిదా కట్టే ముందు మోకా పూట కార్యక్రమంలో చేరిందో లేదో కాగితం మీద చూసుకోండి. మీ ఇంట్లోనూ ఓడ ఎక్కి వెళ్లినవారు ఉంటే, వారి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు పెద్దలను అడిగి ముందుగానే రాసి పెట్టుకోండి. మామయ్యగారు తన చీటీని జాగ్రత్తగా దాచుకుని, వచ్చే జట్టులో తన పేరు రాయించారు.