ఇంటి లైట్ల వైరింగుకు ఫ్లెక్సిబుల్ వైరు: ఏది మేలు, ఏది కూడదు?

ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లి ఫ్లెక్సిబుల్ వైరు కావాలని అడిగితే, అడిగిన మనిషిని బట్టి దుకాణదారు రెండు వేర్వేరు సరుకులు తీసి బల్ల మీద పెడతాడు. ఒకటి 90 మీటర్ల కాయిల్‌గా అట్టపెట్టెలో వచ్చే సింగిల్ కోర్ ఇంటి వైరు. లోపల సన్నటి రాగి పోగులు, పైన ఒకే పొర పి.వి.సి. ఉంటాయి. రెండోది మీటర్ల లెక్కన కోసి ఇచ్చే సరుకు. రెండు పేటల జడ వైరో, తొడుగు ఉన్న రెండు మూడు కోర్ల గుండ్రటి వైరో అయి ఉంటుంది. టేబుల్ ఫ్యానుకూ మిక్సీకీ పెట్టే వైరు ఈ జాతిదే. ఇంటి లైట్లకు ఫ్లెక్సిబుల్ వాడవచ్చా అని అడిగినప్పుడు ఒక మేస్త్రీ నిక్షేపంగా వాడవచ్చని, మరొక మేస్త్రీ ససేమిరా కూడదని చెబుతారు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. ఒకరు మొదటి సరుకు గురించి, మరొకరు రెండో దాని గురించి మాట్లాడుతున్నారు.

ముందుగా పైపులో లాగే సింగిల్ కోర్ వైరు సంగతి చూద్దాం. ఇక్కడ పోటీ ఒకే లావు తీగకూ, అనేక పోగుల తీగకూ మధ్యనే. చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టి వైరింగు చేసిన కాలంలో 1/18, 3/20, 7/20 అనే లెక్కలు నడిచేవి. పాత మేస్త్రీల నోట అవి ఇప్పటికీ వినిపిస్తాయి. 1/18 అంటే 18వ గేజి తీగ ఒకటి, అంటే దాదాపు 1.2 చదరపు మిల్లీమీటర్లు. పట్టీ మీద వైరు వంకర లేకుండా నిలవాలి కనుక ఒంటి తీగ అక్కడ చక్కగా అమరేది. గోడకు గాడి కొట్టి, శ్లాబులో పైపు వేసి, ఆ పైపులో స్ప్రింగుతో నాలుగైదు వైర్లు ఒకేసారి లాగే నేటి పద్ధతిలో అదే గట్టిదనం ఇబ్బంది అవుతుంది. రెండు బెండ్లు దాటేసరికి ఒంటి తీగ బిగుసుకుంటుంది. బలంగా లాగితే బెండు దగ్గర పి.వి.సి. గీసుకుపోతుంది. అదే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి కనుక అది మలుపు వెంట మలుపుగా సాగిపోతుంది. ఇది ఐ.ఎస్. 694 ప్రమాణం కిందికి వచ్చే వైరే. దీన్ని శాశ్వత వైరింగుకు వాడడంలో ఏ దోషమూ లేదు.

పోగులు ఎక్కువైతే కరెంటు ఎక్కువ మోస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. కరెంటు తీగ ఉపరితలం మీదే పారుతుందని, పోగులు పెరిగితే ఉపరితలం పెరుగుతుందని చాలామంది చెబుతారు. మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటు రాగిలో దాదాపు 9 మిల్లీమీటర్ల లోతు దాకా చొచ్చుకుపోతుంది కనుక, మిల్లీమీటరున్నర మందం కూడా లేని తీగలో ఆ తేడాకు తావే లేదు. వాహకాల ప్రమాణమైన ఐ.ఎస్. 8130 చూస్తే లెక్క కాస్త ఎదురుగానే ఉంటుంది: 1.5 వైరుకు కిలోమీటరుకు ఉండదగిన గరిష్ఠ నిరోధం ఒంటి తీగకు 12.1 ఓములు, ఫ్లెక్సిబుల్‌కు 13.3 ఓములు. ఇంట్లో ఈ తేడా పట్టించుకోదగినది కాదు. 800 వాట్ల లైట్ల సర్క్యూటుకు 20 మీటర్ల దూరం లాగినా, ఫ్లెక్సిబుల్ వైరులో వోల్టేజీ రెండు వోల్టుల లోపే తగ్గుతుంది.

అసలు తేడా స్క్రూ కింద బయటపడుతుంది. మా ఇంట్లో వరండా లైటు కొన్నాళ్లు మిణుకుమిణుకుమంటే బల్బు మార్చాము, హోల్డరు మార్చాము. చివరికి స్విచ్చు బోర్డు విప్పితే అసలు విషయం తెలిసింది. వైరు పై పొరను కటింగ్ ప్లయరుతో ఒలిచినప్పుడు సగం పోగులు తెగిపోయాయి. మిగిలినవాటిలో కొన్ని స్క్రూ పక్కనుంచి మీసాల్లా బయటికి వచ్చాయి, నాలుగైదు పోగులు మాత్రమే బిగుతులో ఉన్నాయి. స్విచ్చు ప్లాస్టిక్కు ఆ మేర గోధుమరంగుకు తిరిగింది, పి.వి.సి. గట్టిపడి పెళుసుగా అయింది. ఒంటి తీగ అయితే స్క్రూ కింద ఈ పోగుల గొడవ ఉండదు. దానికి ఉన్న జబ్బు వేరు. ఒలిచేటప్పుడు గాటు పడి, బోర్డులో నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే ఆ గాటు దగ్గరే పుటుక్కున విరుగుతుంది. పోగుల వైరును సరైన స్ట్రిప్పరుతో ఒలిచి, కొనకు సరిపడే రాగి ఫెరూల్ (పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న గొట్టం) తొడిగి నొక్కితే ఈ పోటీలో అది ఒంటి తీగకు ఏమాత్రం తీసిపోదు. ఫెరూల్ లేనప్పుడు కనీసం పోగులన్నీ మెలిపెట్టి, రెండు మడతలు చేసి రంధ్రంలోకి దూర్చాలి. కొందరు కొనకు సీసం పోస్తారు; అది చూడడానికి బాగుంటుంది గాని, స్క్రూ ఒత్తిడికి సీసం మెల్లగా నలిగిపోయి బిగుతు వదులవుతుంది కనుక అలా చేయకూడదు.

ఇక రెండో సరుకు. హాల్లో జిప్సం ఫాల్స్ సీలింగు వేయించిన ఇళ్లలో దీని వాడకం విచ్చలవిడిగా కనిపిస్తుంది. శ్లాబులో పైపు వేసినప్పుడు అనుకున్న లైట్లు నాలుగు. సీలింగు డిజైను వచ్చాక అవి పద్దెనిమిది అవుతాయి. ఆ పద్నాలుగింటికీ జడ వైరు అడ్డదిడ్డంగా లాగి, టేపు చుట్టి, పైన జిప్సం పలకలు మూసేస్తారు. మూసిన తర్వాత కనపడదు కనుక ఎవరూ అడగరు. అక్కడ పలకలను మోసే జి.ఐ. ఛానెల్ (జింకు పూత ఇనుప పట్టీ) అంచులు కత్తిలా ఉంటాయి, పలకలు బిగించే స్క్రూలు పైకి పొడుచుకు వస్తాయి, ఎలుకలు వస్తే వాటి పళ్లకు పైపు అడ్డం ఉండదు. రెండు పేటల వైరులో ఎర్తు తీగే లేదు కనుక, ఫేజు తీగ ఒరుసుకుని లోహపు లైటు బాడీకో ఛానెలుకో తగిలినా ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్చు) పడదు, ఛానెల్ అంతా కరెంటుతో అలాగే ఉండిపోతుంది, నిచ్చెన ఎక్కి చేయి పెట్టినవాడికి తెలిసేదాకా.

ఈ విషయంలో నియమాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. శాశ్వత వైరింగుకు బదులుగా, గోడలూ కప్పులూ దాటించడానికి, లోపల మూసివేసే వైరింగుకు ఇలాంటి ఫ్లెక్సిబుల్ కేబుళ్లు వాడకూడదని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. అమెరికాలో ఇల్లు బాగుచేయించుకునే తెలుగువారికి అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 400వ ఆర్టికల్‌లో ఇదే నిషేధం ఎదురవుతుంది. వేలాడే సీలింగు పైభాగాన్ని అది విడిగా పేర్కొంటుంది. బ్రిటన్‌లో మాత్రం తగిన షరతులు పాటిస్తే శాశ్వత వైరింగుకూ ఫ్లెక్సిబుల్ కేబుల్ వాడుకోనిస్తారు. అయినా అక్కడి ఇళ్లలో లైట్లకు మామూలుగా వేసేది ట్విన్ అండ్ ఎర్త్ అనే చదునైన కేబులే, దాని వాహకం ఒంటి తీగే.

ఈ సరుకులోనే తొడుగు ఉన్న మూడు కోర్ల గుండ్రటి వైరును జడ వైరుతో కలిపి కొట్టివేయడం న్యాయం కాదు. దానికి రెండో పొర ఉంది, ఎర్తుకు ఒక కోరు ఉంది. సీలింగులోని జంక్షన్ బాక్సు నుంచి లైటు డ్రైవరు (ఎల్.ఇ.డి.కి తగిన కరెంటు అందించే చిన్న పెట్టె) దాకా, మీటరు లోపు వేలాడే చివరి ముక్కకు ఒంటి తీగ కన్నా, పైపు లేని సింగిల్ కోర్ కన్నా ఇదే మేలు. లైటును కిందికి లాగి మార్చేటప్పుడు అది వంగుతుంది, విరగదు. బాక్సు దాకా మాత్రం పైపు రావాలి, పైపులో సింగిల్ కోర్ 1.5 వైరు రావాలి, ఫేజు, న్యూట్రలుతో పాటు ఆకుపచ్చ ఎర్తు రావాలి. శ్లాబులో పైపు లేకపోతే సీలింగు పలకలు బిగించక ముందే పైన పైపు కట్టించుకోవచ్చు. అందుకయ్యే ఖర్చు లైట్ల ఖర్చు ముందు చాలా తక్కువ.

ఎల్.ఇ.డి. లైటు పది వాట్లే కదా, సన్న వైరు చాలదా అని అడిగేవారుంటారు. లైటుకు చాలుతుంది, లోపం వచ్చి కరెంటు మితిమీరినప్పుడు చాలదు. దుకాణాల్లో 14/76 అనే జడ వైరులో రాగి మొత్తం కలిపి 0.4 చదరపు మిల్లీమీటర్లే. దాన్ని 16 ఆంపియర్ల ఎం.సి.బి. వెనుక పెడితే, 18 ఆంపియర్లు పారుతున్నా గంటసేపు ఆ ఎం.సి.బి. పడకుండా ఉండవచ్చు, ఈలోపు వైరు కాలిపోతుంది. లైట్ల సర్క్యూటుకు పది పాయింట్లు, 800 వాట్లు అన్న పరిమితి పాటించి 6 ఆంపియర్ల ఎం.సి.బి. పెడితే 1.5 వైరు నిశ్చింతగా ఉంటుంది. పై అంతస్తులో శ్లాబుకూ సీలింగుకూ మధ్య గాలి మే నెలలో ఎంత వేడెక్కుతుందో విజయవాడ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 70 డిగ్రీలు తట్టుకునే మామూలు పి.వి.సి. వైరు 30 డిగ్రీల దగ్గర మోయగల కరెంటులో, చుట్టూ 50 డిగ్రీలున్నప్పుడు 71 శాతమే మోయగలదు.

వైరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడడం ఎలాగూ తప్పదు. 2003 ఉత్తర్వు నుంచి అది తప్పనిసరి. దానితో పాటు కాయిల్ కొనను అంగుళం మేర ఒలిచి, పోగులు విడదీసి అక్కడే లెక్కపెట్టండి. 1.5 వైరులో 0.3 పోగులు ఇరవై రెండు ఉండాలి. పద్నాలుగే తేలితే, అట్ట మీద ఏమి రాసి ఉన్నా ఆ చేతిలో ఉన్నది 1.0 వైరు.