పసుపు గొట్టం చూసి మోసపోకండి: పీటీవో షాఫ్ట్ కొనేవాళ్లకి జాగ్రత్త

తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు మొక్కజొన్న నూర్పిళ్లు మొదలయ్యేలోపే ఇది రాయాలనుకున్నాను. నూర్పిడి మిషన్‌కి గానీ దుక్కి దున్నే రోటవేటర్‌కి గానీ పీటీవో షాఫ్ట్ కొనబోయే రైతులు డబ్బులు కట్టకముందే దీన్ని చదవండి. ట్రాక్టర్ వెనక ఇంజన్ బలంతో తిరిగే మొనని పీటీవో అంటాం, దాని తిప్పుడుని మిషన్‌కి అందించే ఇనుప కడ్డీయే పీటీవో షాఫ్ట్.

పోయినేడు ఏప్రిల్లో మా మిషన్ షాఫ్ట్ చివర కీలులో క్రాస్ (కూడిక గుర్తులా ఉండే ఇనుప ముక్క) అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే యోక్ చెవులు కూడా దెబ్బతిన్నాయి. కళ్లంలో కండెలు కుప్పపోసి ఉన్నాయి, పైన మబ్బు పట్టింది. మర్నాడు పొద్దున్నే విజయవాడ వెళ్లి ఒక విడిభాగాల షాపులో కొత్త షాఫ్ట్ తీసుకున్నాను. షాపు పేరు రాయను. "గార్డుతో సహా ఇస్తున్నామండీ" అన్నాడు కౌంటర్ దగ్గరాయన. గార్డంటే తిరిగే షాఫ్ట్ మనిషికి తగలకుండా కప్పే తొడుగు. పైన నిగనిగలాడే పసుపు ప్లాస్టిక్ గొట్టం ఉంది. అంతకుముందు అడిగిన రెండు చోట్లకంటే వెయ్యి రూపాయలు తక్కువ. ఇంతకాలం బోడి షాఫ్ట్‌తోనే నడిపాం, ఇకనైనా పనివాళ్లకి భయం ఉండదు అనుకుని సంతోషంగానే ఆటోలో వేయించాను.

నేను చూడనిది ఏంటంటే, అసలైన గార్డుకి రెండు చివర్లా లోపల నైలాన్ రింగులు ఉంటాయి. అవి యోక్ మెడ మీద ఉన్న గాడిలో కూర్చుంటాయి. లోపల షాఫ్ట్ ఎంత వేగంగా తిరిగినా పైన గొట్టం కదలకూడదు. కదలకుండా పట్టి ఉంచడానికే రెండు చిన్న గొలుసులు ఇస్తారు, ఒకటి ట్రాక్టర్‌కి, ఒకటి మిషన్‌కి తగిలించడానికి. నాకిచ్చిన దానికి రింగుల్లేవు, గాడి లేదు, గొలుసుల్లేవు. గొట్టాన్ని షాఫ్ట్ మీద తొడిగి, జారకుండా స్క్రూలతో బిగించేశారు. అంటే షాఫ్ట్‌తో పాటు గార్డు కూడా తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే మాత్రం అన్నీ సక్రమంగా ఉన్నట్టే కనపడుతుంది. బోడి షాఫ్ట్ అయితే మనిషి భయపడి దూరంగా ఉంటాడు. దీన్ని నమ్మి దగ్గరికొస్తాడు. నా కోపమంతా అందుకే.

రెండో లోపం ట్రాక్టర్ వైపు. అక్కడ షాఫ్ట్ ఊడకుండా పట్టే స్ప్రింగ్ పిన్ను ఉండాలి. నొక్కితే లోపలికి పోయి, వదిలితే గాడిలో పడి లాక్ అయ్యేది. దానికి బదులు పొడుగాటి బోల్టు వేసి నట్టు బిగించి ఇచ్చారు. బోల్టు కొస బొటనవేలంత బయటికి పొడుచుకుని ఉంది. "ఏం కాదండీ, ఇంకా గట్టిగా ఉంటది" అన్నారు. నేనూ తలాడించాను.

మూడో రోజు మధ్యాహ్నం. మా బావమరిది మిషన్‌కి కండెలు అందిస్తున్నాడు. మంచినీళ్ల క్యాను ట్రాక్టర్‌కి అవతల ఉంది. ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్లడం ఎందుకని షాఫ్ట్ మీదుగా వంగి చెయ్యి చాపాడు. భుజం మీద తువ్వాలు జారింది. దాని కుచ్చు బోల్టుకి తగులుకుంది. ఎవరైనా ఏం చేస్తారు, తువ్వాలు పోతుందని పట్టుకుని లాగుతారు. వాడూ అదే చేశాడు. "బావా" అన్న మాట సగమే వినపడింది.

డ్రైవర్ సీటు మీదే ఉన్నాడు కాబట్టి వెంటనే ఇంజన్ ఆపే నాబ్ లాగాడు. అయినా షాఫ్ట్ ఆగలేదు. మిషన్‌లో డ్రమ్మూ దాని బరువు చక్రమూ ఊపు మీద ఉంటాయి, వెనక నుంచి అవే షాఫ్ట్‌ని తిప్పుతుంటాయి. పాత తువ్వాలు కాబట్టి చిరిగింది. మణికట్టు దగ్గర ఎముక రెండు చోట్ల విరిగింది, మోచేతి దాకా తోలు లేచిపోయింది. అదే తువ్వాలు మెడకి చుట్టుకుని ఉండి ఉంటే ఈ రాత ఇంకోలా ఉండేది.

లెక్క వేసి చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మన ట్రాక్టర్ల పీటీవో మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 9. యోక్ దగ్గర మందం నాలుగంగుళాలు అనుకుంటే చుట్టుకొలత పన్నెండంగుళాల పైమాటే. ఒక్క సెకనులో తొమ్మిది అడుగుల గుడ్డని చుట్టేసుకుంటుంది. లుంగీ మొత్తం పొడుగే అంత ఉండదు. మొదటి చుట్టు మీద రెండో చుట్టు పడగానే గుడ్డ బిగుసుకుపోతుంది, ఇక ఎంత బలమున్న మనిషి లాగినా రాదు. ప్రమాదం జరుగుతోందని మనసుకి తెలిసేసరికే అంతా అయిపోతుంది.

చెయ్యి కట్టు కట్టించాక షాపుకెళ్లి అడిగాను. "గార్డు ఎవరుంచుకుంటారండీ, నెల తిరక్కుండా ఊడబీకి గట్టు మీద పారేస్తారు" అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది, అందుకే ఎక్కువ బాధేసింది. గ్రీజు పెట్టడానికి అడ్డమని మనమే తీసి పడేస్తున్నాం. బిల్లు చూపిస్తే "షాఫ్ట్ 1" అని తప్ప గార్డు అన్న మాటే లేదు. నా దగ్గర ఇంకేం ఆధారముంది?

కాబట్టి కౌంటర్ దగ్గరే ఒక పని చేయండి. ఎడమచేత్తో పసుపు గొట్టాన్ని గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో యోక్‌ని తిప్పండి. గొట్టం కదలకుండా యోక్ తేలిగ్గా తిరగాలి. గొట్టం కూడా తిరిగితే అక్కడే వదిలేసి వచ్చేయండి. రెండు చివర్లా గరాటు ఆకారంలో ఉండే మూత క్రాస్‌ని కప్పుతోందా, గొలుసులు రెండూ ఉన్నాయా చూడండి. బోల్టు వేసిస్తామంటే ఒప్పుకోకండి, నొక్కుడు పిన్నే అడగండి. బిల్లు మీద "గార్డు, గొలుసులతో" అని రాయించుకోండి.

పొడుగు కూడా చూసుకోండి. మిషన్ తగిలించి నడిచే స్థితిలో ఉన్నప్పుడు షాఫ్ట్‌లోని రెండు ఇనుప గొట్టాల్లో లోపలిది బయటి దాంట్లో కనీసం మూడో వంతు ఉండాలి. తక్కువైతే మలుపులో ఊడి కర్రలా కొడుతుంది. షాఫ్ట్ మరీ పొడుగైతే గేర్‌బాక్స్‌ని పొడుస్తుంది.

ట్రాక్టర్ వెనక పీటీవో మీద ఉండాల్సిన రేకు మూత మీ బండికి ఉందా? మా దానికి అప్పట్లో లేదు. ఎప్పుడో ట్రాలీ తగిలించేటప్పుడు విప్పి కొట్టంలో పెట్టి మర్చిపోయాం. ఈ దెబ్బ తగిలాకే వెతికి బిగించాను. నూర్పిడి మిషన్ల ప్రమాదాల కోసమే మన దేశంలో 1983లో ఒక చట్టం చేశారు, కానీ కళ్లంలో దాన్ని గుర్తు చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

మిషన్ నడిచినంతసేపూ ఒక మనిషి సీటు దగ్గరే ఉండాలి. షాఫ్ట్ దాటాలంటే ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, డ్రమ్ము పూర్తిగా ఆగాకే. ఆడవాళ్లు గింజలు రాలిన బెండ్లు ఎత్తేటప్పుడు కొంగు బొడ్లో దోపి, జడ ముడి వేసుకోమని చెప్పండి. మొహమాటపడకండి, నేను ఇప్పుడు రోజూ పొద్దున చెప్తున్నాను.

బావమరిది చెయ్యి కుదుటపడింది గానీ పిడికిలి ఇంకా పూర్తిగా మూసుకోదు. వేరే చోట రింగులు, గొలుసులు ఉన్న షాఫ్ట్ కొన్నాను. పాతదాన్ని పాత ఇనుముకి వేస్తే ఎవరో ఒకరు తీసుకెళ్లి మళ్లీ ట్రాక్టర్‌కి తగిలిస్తారని, వెల్డింగ్ షాపులో యోక్‌ల దగ్గర మూడు ముక్కలు కోయించి అప్పుడు వేశాను.